జూన్ మంచులో తార్ వేట

మన ఊళ్ళల్లో మృగశిర కార్తెకు చేపల బజార్లు కిటకిటలాడే రోజుల్లో న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో కొండలు తెల్లబడతాయి. జూన్ మొదటి సోమవారం అక్కడ సెలవు. అప్పట్లో రాణిగారి పుట్టినరోజు పేరు మీద ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు రాజుగారి పేరు మీద. క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న తెలుగువాళ్ళలో కొండల పిచ్చి ఉన్న నలుగురైదుగురం ఆ సోమవారానికి అటూ ఇటూ సెలవులు కలిపి పది రోజులు చేసుకునేవాళ్ళం. అందులో వేటకు ఎన్ని రోజులు, ఊళ్ళు చూడడానికి ఎన్ని రోజులు అని ఇంట్లో కూర్చుని పంచుకునేవాళ్ళం కాదు. ఆ పంపకం గాలి చేసేది. వాయవ్యం నుంచి గాలి లేచిందంటే కొండ దిగి సముద్రం వైపు పోవాలి. ఆకాశం తేటపడితే మళ్ళీ కొండెక్కాలి. మొదటి అయిదు రోజులు వేట, తర్వాతి అయిదు రోజులు విహారం అని గీత గీసుకుని వచ్చేవాళ్ళు వానలో గుడిసెలోనే కూర్చుండిపోయి, ఎండ కాసే రోజుల్లో కార్లో తిరిగి, రెండూ పోగొట్టుకునేవాళ్ళు.

వేటాడేది హిమాలయన్ తార్‌ని. అడవి మేకకు దగ్గరి చుట్టం. 1904లో ఇంగ్లండ్‌లోని వోబర్న్ ఆబీలో డ్యూక్ ఆఫ్ బెడ్‌ఫర్డ్ పెంచుకుంటున్న మందలోంచి కొన్నింటిని ఓడ మీద పంపితే మౌంట్ కుక్ పాదాల దగ్గర, హెర్మిటేజ్ హోటల్ పరిసరాల్లో వదిలారు. 1907లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ షామీలను, అంటే యూరప్ కొండల్లో తిరిగే మేకలాంటి జంతువులను, పంపాడు. వేటకు జంతువులు కావాలన్న సరదాతో చేసిన పనులివి. గబ్బిలాలు తప్ప నేల మీద బతికే పాలిచ్చే జంతువు సొంతంగా ఒక్కటీ లేని దేశం అది. చిరుత లేదు, తోడేలు లేదు, మంద పెరగకుండా ఆపేది ఏదీ లేదు. గడ్డి మేసే నోరంటూ ఎరగకుండా పెరిగిన కొండ మొక్కలు, ముఖ్యంగా మౌంట్ కుక్ లిల్లీ అని పిలిచే తెల్లపూల మొక్క, తార్ మందల కింద నలిగిపోయాయి. 1930లో వాటికున్న రక్షణ తీసేశారు. 1937 నుంచి ప్రభుత్వమే మనుషుల్ని పెట్టి కాల్పించింది. 1993లో చేసిన ప్రణాళిక ప్రకారం మొత్తం పదివేలు మించకూడదు. 2018 నాటి లెక్కల్లో ప్రభుత్వ సంరక్షణ భూముల్లోనే 35,000 దగ్గర తేలాయి.

మున్నార్ పోయిన తెలుగువాళ్ళు ఎరవికులంలో చూసే నీలగిరి తార్ వేరే జాతి, కానీ చూపులకు ఇదే బాపతు. మన దేశంలో 1972 చట్టం కింద దాన్నైనా, హిమాలయాల్లోని తార్‌నైనా ముట్టుకుంటే నేరం. ముట్టుకోకూడదు కూడా. పుట్టింట్లో కంటికి రెప్పలా కాపాడుకోవాల్సిన జంతువును ఇక్కడ తగ్గించాలనడం మొదట్లో మనసుకు ఎక్కదు. ఒక వేసవిలో కొండ మీద మేసేసిన గడ్డి మొదళ్ళు చూశాక ఎక్కుతుంది.

కాగితాల పని ఎక్కువే గానీ కష్టం కాదు. అక్కడ నివాసముండేవాళ్ళు తుపాకి లైసెన్సు తీసుకోవాలి. భద్రత పరీక్ష రాయాలి, మన గురించి చెప్పగలిగే మనుషుల పేర్లు ఇవ్వాలి, ఇంట్లో తుపాకి దాచే చోటును వచ్చి చూస్తారు. బయటి దేశం నుంచి వేటకు వచ్చేవాళ్ళకు సందర్శకుల లైసెన్సు వేరే ఉంది. దానికి కొన్ని వారాలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. అదీ లేకపోతే లైసెన్సు ఉన్న మనిషి పక్కనే ఉండి చూసుకుంటుండగా కాల్చవచ్చు. ఇక ప్రకృతి సంరక్షణ శాఖ వాళ్ళ వేట పర్మిట్. డబ్బు తీసుకోరు. మొదట్లో ఆఫీసుకు పోయి కాగితం రాయించుకునేవాళ్ళం, తర్వాత ఇంటర్నెట్‌లోనే వచ్చేసింది. ఇన్నే కాల్చాలని లెక్క లేదు, ఫలానా నెలలని కాలం లేదు. కానీ రాత్రిపూట లైట్లు వేసి కాల్చడం నేరం. పడమటి వైపు నిర్జన ప్రాంతాల్లోకి హెలికాప్టర్‌లో దిగాలంటే లాటరీ పద్ధతిలో వారం కేటాయిస్తారు. మాకు తూర్పు వైపు నడక లోయలే ఇష్టంగా ఉండేవి. విమానంలో వచ్చే చుట్టాలకు మాత్రం ఒక సంగతి గట్టిగా చెప్పేవాళ్ళం: బూట్లకు, టెంటు మేకులకు మట్టి ఉండకూడదు, పచ్చళ్ళూ పొడులూ ఉంటే దేశంలోకి వచ్చేవాళ్ళు నింపే డిక్లరేషన్‌లో రాయాలి. రాయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా.

క్రైస్ట్‌చర్చ్ నుంచి జెరల్డీన్, ఫెయిర్లీ మీదుగా టెకపోకు మూడు గంటల ప్రయాణం. ఫెయిర్లీలో మాంసం కూరి కాల్చిన ‘పై’ తినకుండా ఎవరం ముందుకు పోయిన గుర్తు లేదు. బర్క్స్ పాస్ దాటగానే చెట్లన్నీ అయిపోయి పసుపు రంగు టస్సక్ గడ్డి మొదలవుతుంది. తర్వాత ఒక మలుపులో టెకపో చెరువు. ఆ నీలంలో పాలు కలిసినట్టు ఉండడానికి కారణం హిమానీనదాలు రాతిని నూరి వదిలే పిండి. నీళ్ళలో అడుక్కి దిగకుండా తేలుతూ వెలుతురును చెదరగొడుతుంది. ఒడ్డున 1935లో రాతితో కట్టిన చిన్న చర్చి, దాని పక్కన గొర్రెలు కాసే కుక్కకు కంచు విగ్రహం. చర్చిలో బలిపీఠం వెనక కిటికీ ఉంది. అందులోంచి చెరువూ దాని వెనక మంచు కొండలూ కనిపిస్తాయి. లోపల ఫోటోలు తీయనివ్వరు, అందుకే ఆ దృశ్యం ఇంకా బాగా గుర్తుంది. పైన మౌంట్ జాన్ మీద 1965 నుంచి నక్షత్రాలను పరిశీలించే వేధశాల ఉంది. 2012లో ఆ ప్రాంతమంతా చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతం అయింది. ఊళ్ళో దీపాలు కూడా కిందికే వెలుగు పడేట్టు కప్పి పెడతారు.

ట్వైజల్‌లో సామాను కొనడం ఆఖరు. అక్కడి నుంచి ఒహావు చెరువు పక్కగా హాప్కిన్స్ లోయలోకి. మాన్యుమెంట్ హట్ అనే గుడిసె దాకా ఫోర్ వీల్ బండి పోతుంది, ఆ పైన హక్స్‌లీ ఫోర్క్స్ వైపు నడకే.

సంచిలో పెట్టే వాటి గురించి చాలామంది అడుగుతారు. తుపాకి కంటే ముందు పొయ్యి గురించి ఆలోచించాలి. మామూలు బ్యుటేన్ డబ్బా సున్నా డిగ్రీల దగ్గరే గ్యాస్ ఇవ్వడం మానేస్తుంది. ఐసోబ్యుటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బా కొనాలి, రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాలి. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలూ అక్కడే. నీళ్ళ సీసాను తలకిందులుగా నిలబెట్టాలి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి పొద్దున సీసా తిప్పితే మూత దగ్గర నీళ్ళే ఉంటాయి. తడి బూట్లు గుడిసె వరండాలో వదిలితే రెండు విధాల నష్టం. ఒకటి, పొద్దునకు కర్రలా బిగుసుకుంటాయి. రెండోది కియా. ఆకుపచ్చ కొండ చిలక, మహా తెలివైంది. బూటు నాలుక, టెంటు తాడు, కారు వైపర్ రబ్బరు, ఏదైనా ముక్కుతో చీల్చి చూస్తుంది. దాన్ని అదిలించవచ్చు గానీ హాని చేయకూడదు, అది రక్షిత పక్షి. తుపాకిని మాత్రం చలిలోంచి వెచ్చటి గదిలోకి తేకూడదు. అద్దాల మీద పట్టిన చెమ్మ మర్నాడు బయట గడ్డకట్టి టెలిస్కోప్ గుడ్డిదవుతుంది. బోల్ట్ తీసి (అది లేకుండా తుపాకి పేలదు) మన దగ్గర పెట్టుకుని, తుపాకిని వరండాకు తలుపు ఉంటే తాళం వేసి చల్లగానే ఉంచేవాళ్ళం. గొట్టం మూతి మీద ఒక పొర ఎలక్ట్రిక్ టేపు. మంచు లోపలికి పోదు, కాల్చేటప్పుడు తీయాల్సిన పనీ లేదు.

ఇక ఏరు. అక్కడ వేటగాళ్ళను తుపాకి కంటే ఏరే ఎక్కువ భయపెట్టాలి. ఆ లోయల్లో ఏరు ఒకే పాయగా పారదు, జడ విప్పినట్టు పది పాయలై గులకరాళ్ళ మీద పరుచుకుంటుంది. చలికాలం మంచంతా పైనే గడ్డకట్టి ఉంటుంది కాబట్టి నీళ్ళు తక్కువ. కానీ వాయవ్యపు గాలి రాత్రంతా ప్రధాన పర్వత శ్రేణి మీద వాన కురిపిస్తే, మన నెత్తిన చుక్క పడకపోయినా పొద్దునకు ఏరు ఎదుగుతుంది. నీళ్ళు బూడిద రంగుకు తిరిగినా, కొమ్మలు కొట్టుకొస్తున్నా, అడుగున రాళ్ళు దొర్లే చప్పుడు కడుపులోంచి వినపడినట్టు వినపడినా ఆ రోజు దాటడం లేదు. దాటేటప్పుడు పాయలు విడిపోయే చోటు వెతకాలి, అక్కడ నీళ్ళు పలచబడతాయి. కింది వైపు బండలో చెట్లో ఉంటే ఆ చోటు వదిలేయాలి. సంచి ఛాతీ పట్టీ విప్పేయాలి. నలుగురూ భుజం భుజం కలిపి, ఒకరి సంచికీ వీపుకీ మధ్య నుంచి చెయ్యి పోనిచ్చి అవతలి పట్టీని పట్టుకోవాలి. బలమైన మనిషి ఎగువ చివర ఉండాలి. అందరూ ఎదుటి ఒడ్డు వైపు చూస్తూ, వరస ప్రవాహానికి సమాంతరంగా ఉండేట్టు నడవాలి. అప్పుడు మొదటి మనిషి నీళ్ళను చీలిస్తే మిగతావాళ్ళు ఆ మాటున నడుస్తారు. ప్రవాహానికి అడ్డంగా వరస కట్టారా, ప్రతి మనిషి మీదా పూర్తి బరువు పడుతుంది. బూట్లు విప్పి దాటదామనే ఆలోచన చేయకూడదు. ఆ చలికి పాదం మొద్దుబారి ఏ రాయి మీద పెట్టామో తెలియదు. తడి సాక్సు పిండుకుని మళ్ళీ వేసుకోవడమే.

మనవాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు కొండను తప్పుగా చదివేవాళ్ళు. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు. కాబట్టి ఎండ పడే ముఖాలు ఉత్తరం వైపు చూసేవి, మంచు కరగనివి దక్షిణం వైపువి. జూన్‌లో ఎనిమిది దాటాక గానీ పొద్దు పొడవదు, అయిదుకే గుంకుతుంది. పొద్దున్నే లోయ ఇవతలి గట్టున కింద చాప పరుచుకుని, ఎదుటి ఉత్తర ముఖం మీద పది రెట్ల బైనాక్యులర్ పెట్టి గంటసేపు కదలకుండా చూడాలి. చేతుల్లో పట్టుకుంటే వణుకుతుంది, ముక్కాలి స్టాండు మీద పెడితేనే చిన్న కదలిక పట్టుబడుతుంది. తార్ మధ్యాహ్నం రాతి గోడల మధ్య పడుకుంటుంది, సాయంత్రం గడ్డిలోకి దిగి మేస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ గాలి కొండ మీదికి పాకుతుంది, పొద్దువాలాక చల్లబడి కిందికి జారుతుంది. తార్ కళ్ళు ఎప్పుడూ కిందికే ఉంటాయి, దాని అనుభవంలో ఆపద అంటే కింది నుంచి వచ్చేదే. అందుకని చుట్టుతిరిగి ఎగువకు చేరి, గాలి మన ముఖానికి తగిలేట్టు పైనుంచి దిగాలి. నడుమ స్పియర్‌గ్రాస్ గుబుర్లు. ఆ ఆకు కొస సూది కన్నా గట్టిది, పిక్కలకు కట్టే తోలు గేటర్ లేకపోతే మోకాలి కింద దిగి లోపల విరుగుతుంది. పట్టు కోసం చేత్తో గడ్డి అందుకునేటప్పుడు ఏ గడ్డో చూసుకోవాలి. తెల్లటి వాలుల మీద కొత్త మంచు పడి గాలి వీచి ఉంటే ఆ వాలును పూర్తిగా వదిలేయాలి. మంచుచరియలు విరిగిపడే హెచ్చరికలు ఇంటర్నెట్‌లో ఉంటాయి, బయల్దేరే ముందు చూడడం తప్పనిసరి. మంచు గొడ్డలి (ఐస్ యాక్స్), బూట్లకు కట్టే ఇనప ముళ్ళు (క్రాంపాన్లు) మోసుకుపోతే చాలదు, వాడడం ముందే నేర్చుకుని ఉండాలి. ఒంటరిగా తిరిగినా గుంపుగా తిరిగినా ఆపదలో మనమున్న చోటు తెలిపే లొకేటర్ బీకన్ ఒకటి మెడలో ఉండాల్సిందే, సంచిలో కాదు. జారిపడేటప్పుడు సంచి మనతో రాకపోవచ్చు.

కాల్చడం గురించి. .270, 7 ఎంఎం-08, .308, ఏ తుపాకి అయినా సరిపోతుంది. 200 మీటర్లకు గురి సరిచేసుకుని వెళ్ళాలి. గురి తప్పేది తుపాకి వల్ల కాదు, వాలు వల్ల. కొండ మీద 300 మీటర్ల దూరంలో, 40 డిగ్రీల కింద ఉన్న జంతువుకు తూటా మీద భూమి లాగే లెక్క అడ్డంగా ఉన్న దూరానికే వర్తిస్తుంది. అది 230 మీటర్లే. 300 అనుకుని కాస్త పైకి పట్టి కాల్చామో తూటా దాదాపు జానెడు ఎత్తున పోయి వీపు మీది జూలు కదిలించి వెళ్ళిపోతుంది. పైకి కాల్చినా ఇదే లెక్క. ఇప్పుడు రేంజ్‌ఫైండర్లే ఆ లెక్క చెప్పేస్తున్నాయి. అప్పట్లో తుపాకి కర్రకు టేపుతో అంటించిన చీటీ మీద రాసుకునేవాళ్ళం: 30 డిగ్రీలకు 300 అంటే 260, 40కి 230. ఇంకో మాట. జంతువు ఎక్కడ నిలబడిందన్నది కాదు, ఎక్కడ పడుతుందన్నది చూడాలి. రాతి గోడ అంచున నిలబడ్డ పోతును కొడితే వంద మీటర్లు దొర్లి కొమ్ములు విరిగి, ఎవరూ దిగలేని గండిలో పడుతుంది. గడ్డి తిన్నె మీదికి వచ్చేదాకా ఆగాలి. రాకపోతే వదిలేయాలి. ఆ దేశంలో జంతువనుకుని మనిషిని కాల్చిన సంఘటనల్లో ఎక్కువ భాగం తన జట్టువాణ్ణే కాల్చినవి. కొమ్ము, తల, మెడ, శరీరం అన్నీ విడివిడిగా గుర్తుపట్టేదాకా వేలు ట్రిగర్ మీదికి పోకూడదని మా జట్టులో కట్టుబాటు.

మే నెలాఖరు నుంచి జూన్ దాకా పోతులు ఆడ మందల్లో చేరే కాలం. మిగతా రోజుల్లో విడిగా తిరిగే పోతులు అప్పుడు జూలు నిక్కబొడుచుకుని పెంటి మేకల ముందు గంటల తరబడి కదలకుండా నిలబడతాయి. చలికాలపు పోతు మెడ నుంచి భుజాల దాకా ఎండుగడ్డి రంగు జూలు, గాలి వీస్తే వరిచేను కదిలినట్టు కదులుతుంది. ముఖం, వీపు దాదాపు నలుపు. దగ్గరికి వెళితే ముందు వాసన తగులుతుంది, మన మేకపోతు వాసనకు నాలుగింతలు. కొమ్ము 12 అంగుళాలు దాటితే మంచిది, 14 అరుదు. వయసు కొమ్ము మీద రాసి ఉంటుంది. వేసవిలో పెరిగి చలికాలంలో ఆగిపోవడం వల్ల ఏటా ఒక గీత పడుతుంది. కొస వైపు గీతలు ఎడంగా, మొదలు వైపు వేలి గోరంత దగ్గరగా. గోటితో ఒక్కొక్క గీతనూ తడుముతూ లెక్కపెట్టేవాళ్ళం. ఏడో ఎనిమిదో దాటిన ముసలి పోతును ఎంచుకోవడమే మా జట్టుకు తృప్తి.

తలను గోడకు పెట్టించుకునేవాళ్ళు చేసే పొరపాటు ఒకటే. మెడ దగ్గర కోసేస్తారు. తార్‌కు జూలు భుజాలు దాటి ఉంటుంది కాబట్టి భుజాల వెనక, పక్కటెముకల మధ్య దాకా తోలును గుండ్రంగా కోసి, వీపు మీదుగా మెడ వెనక్కి చీరాలి. గొంతు వైపు ఎప్పుడూ కోయకూడదు, ఆ కుట్టు దాగదు. చెవులు లోపలి నుంచి తిరగేసి, పెదవులు చీల్చి, మాంసం పీచు మిగలకుండా గీకి, అయోడిన్ లేని సన్న ఉప్పు రుద్దాలి. ఒక తోలుకు నాలుగైదు కిలోలు పడుతుంది. మర్నాడు ఊరిన నీళ్ళు వంచేసి కొత్త ఉప్పు మళ్ళీ రుద్దాలి. చెవి మడతలో ఉప్పు అందకపోతే అక్కడ కుళ్ళు మొదలై వెంట్రుకలు కుచ్చులుగా ఊడొస్తాయి, ఆ తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

మన ఇళ్ళల్లో మేక మాంసాన్ని వేటమాంసం అనడం అలవాటు. ఆ మాటకు అసలు అర్థం అక్కడ తెలిసింది. ఈ కాలపు పోతు మాంసం వాసన, గట్టిదనం రెండూ ఎక్కువ. తినడానికి చిన్న పెంటి మేక మేలు. పొట్ట చీల్చి పేగులు వెంటనే తీసేయాలి, తోలు తీసే చేత్తో మాంసం ముట్టకూడదు, జూలు వాసనంతా అంటుకుంటుంది. వీపు కండ, తొడలు పలచటి గుడ్డ సంచుల్లో నీడకు వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే వేడి బయటికి పోక చలికాలంలో కూడా చెడుతుంది. రెండు రోజులు వేలాడాక పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించి రాత్రంతా ఉంచి, కుక్కర్లో తొమ్మిది విజిల్స్. ఆ తర్వాతే ఉల్లిపాయలూ కారం వేసి వేపుడు. గుడిసెకు కుక్కర్ మోసుకుపోవడం తెలివితక్కువ పని, అక్కడికి పులిహోర, జంతికలు, పప్పు చాలు. నెయ్యి గడ్డకట్టి చెంచా విరుగుతుంది, అందుకే నూనె పోపే వేసేవాళ్ళం.

గాలి తిరిగిన రోజులు కూడా అంతే ప్రేమగా గుర్తొస్తాయి. శ్రేణి మీద వాన కుమ్మరిస్తుంటే రెండు మూడు గంటల దూరంలో ఒమరు దగ్గర ఎండ కాస్తుండేది. తెల్ల సున్నపురాయి భవనాల వీధి, సాయంత్రం చీకటి పడ్డాక సముద్రంలోంచి గుంపులుగా గట్టెక్కే చిన్న నీలి పెంగ్విన్లు. ఇంకాస్త దక్షిణాన మొయెరాకి ఇసుకలో గుండ్రటి బండలు, మన రోకలి పక్కన రోలు బోర్లించినట్టు. దారిలో వైటాకి నది మీద బెన్మోర్ మట్టి ఆనకట్ట, నాగార్జునసాగర్ ఎరిగిన కళ్ళు కూడా కాసేపు నిలబడి చూస్తాయి.

ఆకాశం తేటపడ్డ మొదటి రోజును మాత్రం మౌంట్ కుక్ గ్రామానికే ఇచ్చేవాళ్ళం. కొత్త మంచు సర్దుకోవడానికి ఒక రోజు కావాలి, ఆ రోజు కొండెక్కకూడదు. పుకాకి చెరువు పొడుగునా రోడ్డు, ఎదురుగా ఆవొరాకి, అంటే మౌంట్ కుక్‌కు మావొరీ పేరు. 1991లో శిఖరం పైభాగం కూలి పడింది. 2014లో ప్రకటించిన కొత్త కొలత 3,724 మీటర్లు. టాస్మాన్ హిమానీనదం చూడడానికి మెట్లెక్కితే కింద మంచు తేలే చెరువు. 1970ల ముందు ఆ చెరువే లేదు. హెర్మిటేజ్ ముందు ఎడ్మండ్ హిల్లరీ విగ్రహం ఆ శిఖరం వైపే చూస్తుంటుంది. ఎవరెస్టుకు అయిదేళ్ళ ముందు, 1948లో, ఆ కొండ దక్షిణపు గట్టు మీదుగా మొదటిసారి ఎక్కిన జట్టులో ఆయన ఉన్నాడు. 1985 నుంచి 1989 దాకా మన ఢిల్లీలో న్యూజిలాండ్ హైకమిషనర్‌గా ఉన్నదీ ఆయనే.

ఫోన్లు పనిచేయని ఆ లోయల్లో రాత్రిళ్ళు మౌంటెన్ రేడియో ఉండేది. అద్దెకు తెచ్చుకున్న పెట్టె, దానికి పొడుగాటి తీగ. ముళ్ళపొదల మీదుగా తీగ లాగి కట్టడం ఇద్దరి పని. రాత్రి చెప్పిన సమయానికి ఒక్కొక్క జట్టునూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు, మనం ఎక్కడున్నామో, అందరం బాగున్నామో చెప్పాలి. తర్వాత వాతావరణం చదివేవాళ్ళు. గుడిసెలో అందరూ చెంచా చప్పుడు కూడా ఆపి వినేవాళ్ళు. దక్షిణపు గాలి, మంచు, తర్వాత తేట అని వస్తే మ్యాపు తీసి ఎల్లుండి ఏ గండి ఎక్కాలో మాట్లాడుకునేవాళ్ళం. వాయవ్యపు గాలి, ప్రధాన శ్రేణి మీద భారీ వర్షం అని వస్తే పొయ్యి ఆర్పకముందే సంచులు సర్దడం మొదలయ్యేది. తెల్లారేలోపు ఏరు దాటాలి.